ఉప్పాడ చీరలు, మా మోటార్ హోమ్, డీజిల్ పన్ను: నా అనుభవం

అమెరికాలో ట్రక్కులు ఆగే బంకులో డీజిల్ పంపు తెర మీద ప్రశ్న వచ్చింది: ట్రాక్టరా, రీఫరా, రెండూనా? ఒక చేతిలో నాజిల్, ఇంకో చేతిలో క్రెడిట్ కార్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా వెనక పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఒకటి ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తోంది. మా బండి ట్రాక్టర్ కాదు, లోపలే పడక, వంటగది ఉండే మోటార్ హోమ్. రీఫర్ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలీదు. తప్పు మీట నొక్కుతానేమోనని నాజిల్ తగిలించేసి లోపల కౌంటర్ దగ్గరికి నడిచాను.

అక్కడున్న అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. చల్లటి సరుకు మోసే ట్రెయిలర్లకి శీతల యంత్రం ఉంటుంది. దానికి వేరే ట్యాంకు. ఆ యంత్రం బండిని రోడ్డు మీద లాగదు కాబట్టి దాని డీజిల్‌కి రోడ్డు పన్ను ఉండదు. రీఫర్ అంటే అది. ట్రాక్టర్ అంటే ట్రెయిలర్‌ని లాగే ముందు బండి. "మీది మోటార్ హోమే కదా, ట్రాక్టర్ అని నొక్కండి. రీఫర్ డీజిల్ మాత్రం మీ ఇంజన్‌లోకి వెళ్లకూడదు, అది నేరం" అంది. తెర మీద కంపెనీ పేరు అడిగితే నా పేరు కొట్టమంది, ట్రక్కు నంబరు అడిగితే ఒకటి కొట్టమంది.

2025 మార్చిలో, బండి కొన్న మూడో వారంలో జరిగిందిది. డీజిల్‌తో నడిచే ఆర్‌వీ, అంటే ఇలాంటి ఇల్లులాంటి బండి, కొన్నవాడు ఇంటి సామాను, పడక, వంటగది గురించి ఎంత తెలుసుకుంటాడో పన్ను గురించి అంత తెలుసుకోవాలని నాకు ఆ రోజే అనిపించింది. తర్వాత నాలుగు నెలలు నేను తెలుసుకున్నది, చేసినది ఇక్కడ రాస్తున్నాను. మనవాళ్లలో ఈ బండ్లు కొంటున్నవాళ్లు ఎక్కువవుతున్నారు. వారాంతాల్లో బట్టలో, నగలో, పచ్చళ్లో అమ్ముకునే ఇళ్లూ మనలో చాలానే ఉన్నాయి. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకి ఇది ముఖ్యంగా పనికొస్తుంది.

ముందు బండి సంగతి. 38 అడుగుల పొడవు, రెండు ఇరుసులు, ఇంజన్ వెనక ఉంటుంది. తయారుచేసినవాళ్లు పలక మీద రాసిన మొత్తం బరువు పరిమితి 33,000 పౌండ్లు, అంటే 15 టన్నులకి దగ్గర. ట్యాంకు 100 గాలన్లు. గాలన్‌కి ఏడున్నర మైళ్లు ఇస్తోంది. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటార్ హోమ్‌కి మామూలు క్లాస్ సీ లైసెన్సు చాలదు, వాణిజ్యం కాని క్లాస్ బీ కావాలి. ఆ పరీక్ష రాసి, బండి నడిపి చూపించి తెచ్చుకున్నాను. దాంతో కాగితాల పని అయిపోయిందనుకున్నాను.

కాలేదని చెప్పినవాడు మా బావమరిది. అతనికి రెండు ట్రక్కులున్నాయి, డ్రైవర్లని పెట్టి నడిపిస్తుంటాడు. ఉగాది రోజు మా ఇంటికి భోజనానికొచ్చి, వాకిట్లో బండి చుట్టూ తిరిగి చూసి, "బావగారూ, స్టిక్కర్లేవండీ?" అన్నాడు.

"ఏ స్టిక్కర్లు?"

"ఇఫ్టా స్టిక్కర్లండీ. 26 వేలు దాటిన బండి రాష్ట్రం దాటాలంటే అటొకటి ఇటొకటి ఉండాలి. మూడు నెలలకోసారి లెక్క పంపాలి. లేకపోతే ఆపేస్తారు."

ఆ పూట పులిహోర నాకు సహించలేదు.

ఇఫ్టా అంటే అంతర్జాతీయ ఇంధన పన్ను ఒప్పందం. అమెరికాలో అలాస్కా, హవాయి కాక మిగిలిన 48 రాష్ట్రాలూ, కెనడాలో 10 ప్రావిన్సులూ అందులో ఉన్నాయి. అది ఎందుకు పుట్టిందో నాకు చదవగానే బోధపడింది, ఎందుకంటే మాది ద్రాక్షారామం దగ్గర పల్లె. మాకు యానాం కూతవేటు. చుట్టూ గోదావరి జిల్లాయే అయినా యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ వ్యాట్ తక్కువ. ఆంధ్రాలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఇప్పటికీ ఊరెళితే మా తమ్ముడు యానాంలో బంకుకి వెళ్లొచ్చాకే బండి ఇంటివైపు తిప్పుతాడు. కొనేది యానాంలో, తిరిగేది మా మండలం రోడ్ల మీద. పన్ను ఒకరికి, గుంతలు ఇంకొకరికి.

అమెరికాలో లారీల వాళ్లు అదే పని వందల మైళ్ల లెక్కన చేయగలరు. తక్కువ పన్ను ఉన్న రాష్ట్రంలో రెండు ట్యాంకులూ నింపుకుని, ఎక్కువ పన్ను ఉన్న రాష్ట్రాన్ని చుక్క కొనకుండా దాటేయొచ్చు. అందుకని వెనకటికి ప్రతి రాష్ట్రం తన అనుమతి పత్రం, తన లెక్క అడిగేది. 1980లలో అరిజోనా, అయోవా, వాషింగ్టన్ రాష్ట్రాలు కలిసి ఒకే లెక్క అనే పద్ధతి మొదలుపెట్టాయి. 1991లో కేంద్రం చేసిన చట్టం మిగిలినవాటిని 1996 సెప్టెంబరు 30లోగా చేరేలా చేసింది. ఇప్పుడు ట్రక్కు యజమాని తన సొంత రాష్ట్రానికి ఒక్క లెక్క పంపిస్తే చాలు. మొత్తం తిరిగిన మైళ్లని మొత్తం కాల్చిన గాలన్లతో భాగిస్తే గాలన్‌కి ఎన్ని మైళ్లో వస్తుంది. ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగాడో దాన్ని బట్టి అక్కడ ఎన్ని గాలన్లు కాల్చినట్టో తేలుతుంది. అక్కడ కొన్నది తక్కువైతే తేడా కట్టాలి, ఎక్కువైతే తిరిగొస్తుంది. ఎక్కడ కొన్నా పన్ను మాత్రం తిరిగిన రోడ్డుకే చేరుతుంది. ఇంత న్యాయమైన ఏర్పాటు రాష్ట్రాల మధ్య కుదరడం నాకు ఎంతో నచ్చింది.

మరి మా బండి అందులోకి వస్తుందా? నిబంధన మూడు రకాల బండ్లని చెబుతుంది: రెండు ఇరుసులుండి 26,000 పౌండ్లు దాటినవి, మూడు లేక అంతకన్నా ఎక్కువ ఇరుసులుంటే బరువుతో పని లేకుండా అన్నీ, తగిలించిన ట్రెయిలర్‌తో కలిపి 26,000 దాటినవి. బరువు చూస్తే మాది అందులో ఉన్నట్టే. బావమరిది తప్పు చెప్పలేదు. కానీ ఆ వాక్యం కిందే ఇంకో మాట ఉంది, వినోదానికి వాడే బండ్లు ఇందులోకి రావని. మోటార్ హోములు, క్యాంపర్ తగిలించిన పికప్పులు, బస్సులు కూడా, ఒక మనిషి కేవలం తన సొంత ఆనందం కోసం వాడుకుంటే మినహాయింపు. స్టిక్కర్లు అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆర్‌వీకి డీజిల్ పన్ను లేదని కాదు దీని అర్థం. పంపు దగ్గర అందరితో పాటు కడుతూనే ఉంటాం. గాలన్‌కి కేంద్రానికి 24.4 సెంట్లు (1993 నుంచీ దాదాపు ఇదే), టెక్సస్‌కి 20 సెంట్లు. మా ట్యాంకు ఒకసారి నిండితే 44 డాలర్ల 40 సెంట్లు పన్నే. మినహాయింపు ఏమిటంటే, ఏ రాష్ట్రంలో కొంటే ఆ రాష్ట్రానికే ఆ పన్ను ఉండిపోతుంది, తిరిగిన మైళ్లని బట్టి మళ్లీ పంచక్కర్లేదు. అంతే.

నిబంధనలో చివరి వాక్యం కూడా చదివాను. ఆ బండిని ఏ రకమైన వ్యాపార ప్రయత్నానికీ సంబంధించి వాడకూడదు. చదివి, పుస్తకం మూసినట్టు ల్యాప్‌టాప్ మూసేశాను. వ్యాపారం మాకేముంది, రిటైరయ్యాను కదా అనుకున్నాను.

మే నెలలో మా ఆవిడ ఒక జాబితా చేతిలో పెట్టింది. మిషిగన్‌లోని నోవీలో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు, జూలై 3 నుంచి 5. ఆవిడా, నోవీలో ఉండే స్నేహితురాలూ కలిసి చీరల స్టాల్ తీసుకున్నారు. ఉప్పాడ జామ్‌దానీలు 140, బండారులంక నేత చీరలు 40. ఆవిడకి ఇది కాలక్షేపం కాదు. ఆరేళ్లుగా ఉప్పాడ, కొత్తపల్లి వైపు మగ్గాల వాళ్ల దగ్గర నేరుగా కొని, వాళ్లడిగిన ధర వాళ్లకిచ్చి తెప్పిస్తోంది. జామ్‌దానీ అంటే ఒక్కో బుటా చేత్తో ఎత్తి నేసే పని, ఇద్దరు కూర్చుంటే ఒక్క చీరకి వారాలు పడుతుంది. ఆ చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, నేసినవాళ్లకి మంచి ధర ఇచ్చే కొనుగోలుదారు దొరకడం ఇప్పటికీ కష్టమే. ఏడాది అమ్మకంలో సగం ఆ మూడు రోజుల్లోనే జరుగుతుంది. జాబితా చివర రాసింది: "బండి కింద అరల్లో ఏడు పెట్టెలు."

రెండు రోజులు నేనేమీ అనలేదు. మూడో రోజు ఆ చివరి వాక్యం చదివి వినిపించాను.

"మన చీరలు మన బండిలో మనం తీసుకెళ్తే ఎవరికేంటండీ?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. అందుకని అడిగే చోటే అడుగుదామని టెక్సస్‌లో ఇఫ్టా చూసే కంప్ట్రోలర్ కార్యాలయానికి ఫోన్ చేశాను. పేరు చెప్పి, బండి బరువు చెప్పి, చీరల సంగతి ఏమీ దాచకుండా చెప్పాను. ఫోన్ తీసిన ఆవిడ నిబంధన చదివి, అమ్మకానికి సరుకు వేసుకుని వెళ్తే ఆ ప్రయాణం వ్యాపారంతో సంబంధం ఉన్నదే అవుతుందని, అప్పుడు వినోద బండి అన్న మినహాయింపు చెప్పుకోలేమని అంది. లైసెన్సు తీసుకుని లెక్క పంపవచ్చు, లేదా దారిలో ఉన్న రాష్ట్రాల్లో ఆ ఒక్క ప్రయాణానికి ఇంధన అనుమతులు కొనుక్కోవచ్చు.

అప్పుడు నాకు అర్థమైంది, మినహాయింపు ఇచ్చింది బండికి కాదు, ఆ బండితో చేసే పనికి. అదే బండి, అదే పడక, అదే గ్యాస్ పొయ్యి. కింద అరలో పెట్టె ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి.

నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. ఫ్రిస్కో నుంచి నోవీకి 1,200 మైళ్లు. టెక్సస్‌లో 180, ఆర్కన్సాలో 340, మిస్సోరీ దక్షిణం కొసలో 90 లోపు, ఇల్లినాయిలో 220, ఇండియానాలో 230, మిషిగన్‌లో 140. మొత్తం మీద 160 గాలన్లు కాలుతుంది. ఇంటి దగ్గర ట్యాంకు నింపుకుని, మిస్సోరీలో సైక్‌స్టన్ దగ్గర మళ్లీ నింపుకుంటే ఇల్లినాయి, ఇండియానా దాటి నోవీ దాకా చుక్క కొనక్కర్లేదు. ఇల్లినాయిలో పన్ను టెక్సస్‌కి మూడింతలు దాటుతుంది. వాళ్ల రోడ్డు మీద మేము కాల్చేది 29 గాలన్లు. ఇఫ్టా లెక్క ప్రకారం చూస్తే వాళ్లకి రావాల్సింది ఇరవై డాలర్ల చుట్టుపక్కల, అందులోంచి టెక్సస్, మిస్సోరీల్లో ఎక్కువ కట్టినది వెనక్కి వస్తుంది.

ఇరవై డాలర్లు. మా ఆవిడ ఆ అంకె చూసి, "దీనికా ఇంత గొడవ? కట్టేద్దాం" అంది.

కట్టేసి ఊరుకునే పనైతే నేనూ కట్టేసేవాణ్ణి. కానీ ఒక్క దారం లాగితే మిగతావన్నీ వచ్చాయి. బండి వ్యాపారానికి వెళ్తోందంటే 26,000 దాటిన వాణిజ్య వాహనం అయినట్టే, దానికి నా క్లాస్ బీ సరిపోదు, వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు కావాలి. కేంద్ర రవాణా శాఖ నంబరు ప్రశ్న వస్తుంది. రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. ఇన్సూరెన్సు ఏజెంటుకి ఫోన్ చేస్తే, మా పాలసీ సొంత ప్రయాణాలకి మాత్రమేనని, అమ్మకం సరుకుతో వెళ్తూ ప్రమాదం జరిగితే కంపెనీ చెల్లించకపోవచ్చని చెప్పాడు. అది విన్నాక నా మనసు స్థిరపడింది. 15 టన్నుల బండి నడుపుతూ, ఎవరికైనా ఏదైనా జరిగితే ఆదుకోవడానికి ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కడం నా వల్ల కాదు. డీజిల్ పన్ను తలుపు మాత్రమే, దాని వెనక ఇల్లంతా ఉంది.

ఎవరు చూస్తారు బావగారూ, అన్నాడు బావమరిది కూడా. అతని డ్రైవర్లు నెలకి నాలుగుసార్లు ఆగి కాగితాలు చూపిస్తారు. వాళ్లు చూపించాలి, నేను చూపించక్కర్లేదు. నా మాట మీద నమ్మకంతో నన్ను వదిలేశారు. ఆ నమ్మకాన్ని ఏడు పెట్టెల కోసం ఖర్చు పెట్టడం నాకిష్టం లేదని అతనితో అన్నాను.

మా ఆవిడ ఒక రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "పార్సిల్ ఎంతవుతుందో కనుక్కోండి" అంది. పెట్టెకి దాదాపు 40 డాలర్లు పడింది, ఏడింటికీ కలిపి 280. జూన్ 20న పంపించాం. స్నేహితురాలి ఇంటికి అన్నీ క్షేమంగా చేరాయని ఫోన్ వచ్చేదాకా ఆవిడకి నిద్ర లేదు. ఒక్కో చీర ధర తెలుసు కాబట్టి నాకూ లేదు.

జూన్ 29 ఉదయం బయల్దేరాం. బండిలో ఉన్నవి మా బట్టలు, సోనా మసూరి 20 పౌండ్ల బస్తా, మాగాయ జాడీ, మడత మంచం, రెండు కుర్చీలు. మా ఆవిడ తను కట్టుకోవడానికి తెచ్చుకున్న చీరలు మూడు.

మొదటి రాత్రి లిటిల్ రాక్ దగ్గర క్యాంపులో ఆగాం. పక్క స్థలంలో ఒక రైతు దంపతులున్నారు. ఎండ చాలా ఎక్కువగా ఉంది, కరెంటు కనెక్షను ఉన్న స్థలాలు నిండిపోయాయి, మేము ఏసీ కోసం జనరేటర్ వేసుకున్నాం. ఆ పెద్దాయన వచ్చి, తన ట్రక్కు వెనక ఎర్ర డీజిల్ ఉందని, కావాలంటే ఇరవై గాలన్లు చవగ్గా ఇస్తానని అన్నాడు. "జనరేటర్‌కే కదా, అది రోడ్డు మీద తిరగదుగా" అన్నాడు. ఆయన దురుద్దేశంతో అనలేదు, పొలంలో ట్రాక్టర్‌కి ఆయన వాడుకునేది అదే, అది పూర్తిగా చట్టబద్ధం.

మా బండిలో జనరేటర్‌కి వేరే ట్యాంకు లేదు. ఇంజన్ తాగే ట్యాంకులోంచే అదీ తాగుతుంది. ట్యాంకు పావు దాకా దిగితే జనరేటర్ దానంతటదే ఆగిపోయేలా గొట్టం పైన పెడతారు, మనిషి అడవిలో చిక్కుకుపోకుండా. అంటే ఎర్ర డీజిల్ పోస్తే అది ఇంజన్‌లోకీ వెళ్లినట్టే. ఈ ఎర్ర రంగు 1994 నుంచి కేంద్రం పెట్టించింది, పన్ను కట్టని డీజిల్ కంటికి తెలియడానికి. రోడ్డు మీద నడిచే బండి ట్యాంకులో అది దొరికితే జరిమానా 1,000 డాలర్లు, లేదా గాలన్‌కి 10 డాలర్ల చొప్పున, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. రెండోసారి పట్టుబడితే ఇంకా పెరుగుతుంది. ఇరవై గాలన్ల మీద టెక్సస్ లెక్కన మిగిలే పన్ను 8 డాలర్ల 88 సెంట్లు. పైగా ఒకసారి పోస్తే ఆ రంగు అంత త్వరగా పోదు. పెద్దాయనకి దండం పెట్టి వద్దన్నాను. మా ఆవిడ ఆయన భార్యకి ఒక గిన్నెలో మాగాయ పెట్టింది.

మర్నాడు, జూన్ 30న సైక్‌స్టన్ దగ్గర ట్యాంకు నింపాం. మిస్సోరీలో ఆ రోజు పన్ను గాలన్‌కి 27 సెంట్లు, తెల్లారితే 29.5. 2021లో 17 సెంట్లున్నదాన్ని ఏటా రెండున్నర సెంట్ల చొప్పున పెంచుకుంటూ వచ్చారు, ఇది ఆఖరి పెంపు. సెయింట్ లూయీలో మా అమ్మాయి ఉంటుంది. ఫోన్లో ఈ సంగతి చెబితే, "నాన్నా, ఆ పెంచింది వెనక్కి అడగొచ్చంట కదా" అంది. నిజమే. మిస్సోరీలో పెరిగిన ఆ భాగాన్ని వాహనదారులు తిరిగి అడగవచ్చు. జూలై 1 నుంచి సెప్టెంబరు 30 లోగా, 4923-హెచ్ అనే ఫారం మీద, అంతకుముందు జూన్ 30తో ముగిసిన ఏడాదికి. మా అమ్మాయి అడిగే ఏడాదికి అది గాలన్‌కి 10 సెంట్లు. నేను ఆనందంగా నా రసీదు మడిచి పర్సులో పెట్టుకున్నాను, రాత్రి షరతులు చదివాను: బండి 26,000 పౌండ్లకి తక్కువ ఉండాలి. మాకు రాదు. అమ్మాయి కారుకి వస్తుంది, కానీ ఆ పిల్ల ఏడాదంతా రసీదులు పారేసింది. ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గాలన్లు అన్నది చూపించాలి. ఇప్పుడు కారులో ఒక కవరు పెట్టుకుంది.

అదే 26,000 అంకె ఒక చోట మమ్మల్ని పెద్ద బండ్లలో వేస్తుంది, ఇంకో చోట ఉపకారం దగ్గర బయటికి పంపుతుంది. బండి కొనేముందే ఆ అంకెకి అటుందా ఇటుందా అని పలక మీద చూసుకుంటే చాలా ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.

జూలై 1న దారిలో ఒక విశ్రాంతి స్థలంలో ఆగి అన్నం వండుకుంటుంటే తలుపు తట్టారు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. డీజిల్ పికప్పులన్నీ చూస్తున్నారట, మా బండీ చూస్తామన్నారు. నా గుండె వేగంగా కొట్టుకుంది. కింద అరలు తెరవమంటారని అనుకున్నాను, తాళంచెవులు కూడా చేతిలోకి తీసుకున్నాను. వాళ్లు అరల వైపు చూడనే లేదు. ట్యాంకు మూత తీయమన్నారు, సన్నటి గొట్టం లోపలికి దింపి, కొంచెం పైకి లాగి, ఎండకెత్తి చూశారు. లేత పసుపు. థ్యాంక్స్ చెప్పి పక్క బండి దగ్గరికి వెళ్లిపోయారు. రెండు నిమిషాలు పట్టలేదు. నేను నెల రోజులు పెట్టెల గురించి ఆలోచించాను, వాళ్లు చూసింది రంగు. ఆ రాత్రి లిటిల్ రాక్‌లో ఆ పెద్దాయనకి సరేనని ఉంటే ఆ గొట్టంలో ఏం కనబడేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ తనిఖీ వద్దంటే దానికీ వేరే జరిమానా ఉంటుంది, అందుకని ఎవరు ఆపినా మర్యాదగా మూత తీయడమే.

నోవీలో చీరలు 180లో 151 అమ్ముడయ్యాయి. మిగిలిన 29 మళ్లీ పార్సిల్‌లోనే వెనక్కి పంపాం, ఈసారి ఒక్క పెట్టె. అసలు కష్టం అక్కడ కాదు, ఆదివారం పొద్దున స్టాళ్లు విప్పుతున్నప్పుడు వచ్చింది. పక్క స్టాల్ అబ్బాయి, డాలస్‌లో మాకు తెలిసినవాళ్ల పిల్లాడే, వచ్చి, "బాబాయ్ గారూ, మీరు ఖాళీగానే వెళ్తున్నారుగా, మా నగల పెట్టెలు నాలుగు పెట్టుకోండి, డీజిల్‌కి ఎంతో కొంత ఇస్తాను" అన్నాడు.

మా సొంత చీరలే వేసుకోలేదు బాబూ అన్నాను. డబ్బు తీసుకుని ఇంకొకరి సరుకు మోయడమంటే అది పూర్తిగా రవాణా వ్యాపారమని, నా లైసెన్సుకీ ఇన్సూరెన్సుకీ అది కుదరదని చెప్పాను. డబ్బులొద్దులెండి, ఊరికే తీసుకెళ్లండి అన్నాడు. అయినా సరుకు అమ్మకానిదే కదా. పిల్లాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. వాళ్లమ్మ రెండు వారాలు మా ఆవిడతో మాట్లాడలేదు. నాకు బాధగానే ఉంది. కానీ మన సభలకి బండి వేసుకుని వెళ్లే ప్రతివాళ్లనీ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. అడిగేవాళ్లకి ఇది సాయమే అనిపిస్తుంది, అందుకే ముందే తెలిసి ఉండటం మంచిది.

జూలై ఆఖరి వారంలో ఒక సాయంత్రం బావమరిది ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇఫ్టా లెక్క జూలై 31కల్లా పంపాలి. దాటితే 50 డాలర్లు, లేదా కట్టాల్సిన దాంట్లో పది శాతం, ఏది ఎక్కువైతే అది. ఇన్నాళ్లూ ఎవరికో డబ్బిచ్చి చేయించేవాడు. "మీరింత చదివారు కదా బావగారూ, ఒకసారి కూర్చోండి" అన్నాడు.

భోజనాల బల్ల మీద రెండు ట్రక్కుల రసీదులు రాష్ట్రాల వారీగా పేర్చాం. మైళ్లు నేను చదువుతుంటే గాలన్లు అతను కొట్టాడు. ఓక్లహోమా సరిపోయింది, లూసియానా సరిపోయింది. ఆర్కన్సాలో రెండో ట్రక్కు 410 మైళ్లు తిరిగింది, కొన్న డీజిల్ మాత్రం సున్నా అని వస్తోంది. డ్రైవర్‌కి ఫోన్ చేస్తే టెక్సర్కానా దాటాక నింపానని, రసీదు ట్రక్కులోనే ఉంటుందని అన్నాడు. రసీదు లేకపోతే అక్కడ కట్టిన పన్ను లెక్కలోకి రాదు, మళ్లీ కట్టాల్సిందే. నాలుగేళ్ల పాటు దాచాల్సిన కాగితం అది.

ట్రక్కు మా వీధి చివర ఖాళీ స్థలంలో ఆపి ఉంది. మా ఆవిడ అన్నం వడ్డిస్తున్నానంటోంది. బావమరిది టార్చి తీసుకుని వెతకడానికి వెళ్లాడు, నేను ఆర్కన్సా వరస ఖాళీగా వదిలి మిగతా రాష్ట్రాలు పూర్తి చేయసాగాను.